కారు తీగల లెక్క

కారు వైరింగ్ పటంలో తీగలను రంగులు, అంకెలతో గుర్తిస్తారు. ఫోక్స్‌వ్యాగన్ తన కార్లలో జర్మన్ అంకెలను వాడుతుంది. 30 అంటే బ్యాటరీ నుంచి ఎప్పుడూ అందే కరెంటు. 15 అంటే తాళం తిప్పాక వచ్చేది. 31 అంటే ఎర్త్. ఎర్త్ తీగ సాధారణంగా గోధుమ రంగులో ఉంటుంది.

ఫ్యూజు పెట్టెలు ఎక్కువగా డ్యాష్‌బోర్డు దగ్గర, బానెట్ కింద ఉంటాయి. ఎర్ర ఫ్యూజు 10 ఆంపియర్లది, నీలం 15, పసుపు 20.

అమెరికాలోని వర్జీనియాలో ఏటా జరిగే భద్రతా తనిఖీలో లైట్లు, హారన్ పనిచేయాలి. లైటు వెలగకపోతే ముందు బల్బు, తర్వాత ఫ్యూజు, ఆపైన ఎర్త్ చూడాలి. కాలిన ఫ్యూజు స్థానంలో అంతకన్నా పెద్దది ఎన్నడూ వేయకూడదు. అలా వేస్తే ఫ్యూజుకు బదులు తీగే కాలి, కారుకు నిప్పంటుకోవచ్చు.