అరసవల్లి సూర్యకిరణాల లెక్క మీ ఫోన్‌లోనే.. సన్‌రైజ్ షాట్‌కి వెళ్లే ముందు ఇది చూడండి

ఏటా మార్చి 9, 10.. అక్టోబరు 1, 2. ఈ తేదీల్లో తెల్లారకముందే అరసవల్లి గుడి దగ్గర క్యూ కట్టేస్తారు. ఆరు గంటల ప్రాంతంలో లేత ఎండ అనివెట్టి మండపం మీదుగా గర్భగుడిలోకి వెళ్లి సూర్యనారాయణ స్వామి మూలవిరాట్టును తాకుతుంది. కొన్ని నిమిషాలే ఆ దర్శనం. మరి ఏడాదిలో ఆ రెండుసార్లే ఎందుకు? దీనికి జవాబు తెలిస్తే మీ సన్‌రైజ్ ఫొటో సగం సెట్ అయినట్టే.

సూర్యుడు రోజూ ఒకే చోట ఉదయించడు. శ్రీకాకుళంలో నిలబడి చూస్తే జూన్ 21న బాగా ఉత్తరానికి జరిగి, దిక్సూచిలో దాదాపు 65 డిగ్రీల దగ్గర వస్తాడు. డిసెంబరు 21కి దక్షిణంగా 115 డిగ్రీలకు వెళ్లిపోతాడు. మధ్యలో ఉన్న ప్రతి చోటుకీ పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి.. మొత్తం రెండుసార్లు వస్తాడు. మార్చి 10 నుంచి జూన్ 21కి 103 రోజులు. అక్కడి నుంచి అక్టోబరు 2కి కూడా 103 రోజులే. క్యాలెండర్ తీసి లెక్కేసుకోండి!

ఇది మనకూ పనికొస్తుంది. ఏప్రిల్ 20న సూర్యుడు కళింగపట్నం లైట్‌హౌస్ పక్కనే కనిపించాడు, కానీ మీరు షాట్ మిస్ అయ్యారనుకుందాం. జూన్ 21కి 62 రోజులు. అటువైపు మరో 62 లెక్కపెడితే ఆగస్టు 22. అదే చోట నిలబడితే అదే ఫ్రేమ్.

అయితే టైమ్ మాత్రం అదే ఉండదు. అరసవల్లిలో మార్చి 10న సూర్యోదయం దాదాపు 6:06కి, అక్టోబరు 2న 5:45కే. దిక్కు ఒకటే అయినా గడియారంలో 20 నిమిషాల తేడా. పాత వీడియో టైమ్ చూసుకుని బయల్దేరితే బీచ్‌కి చేరేసరికి సూర్యుడు పైకి వచ్చేసి ఉంటాడు.

ఈ లెక్కలన్నీ యాప్‌లే చేసిపెడతాయి. సన్‌కాల్క్ వెబ్‌సైట్ ఫ్రీ. మ్యాప్‌లో మీ చోటు పెట్టి తేదీ మారిస్తే సూర్యుడు ఏ వైపు వస్తాడో గీత కనిపిస్తుంది. ది ఫొటోగ్రాఫర్స్ ఎఫెమెరిస్ కూడా ఇలాంటిదే. ఫొటోపిల్స్‌కి డబ్బు కట్టాలి గానీ, కెమెరా ఆన్ చేసి ఎదురుగా పెడితే ఏ గంటకు సూర్యుడు ఎక్కడుంటాడో ఆ సీన్ మీదే చూపిస్తుంది. వీటిలో చూడాల్సినవి రెండే నంబర్లు. ఒకటి దిక్కు, రెండోది ఎత్తు. మొదట్లో ఫ్రీవి చాలు, కొనాల్సిన పనిలేదు.

సూర్యుడి బింబంలో మనిషి నిలబడినట్టు ఉండే షాట్ రీల్స్‌లో చూసే ఉంటారు. అది గ్రాఫిక్స్ కానక్కర్లేదు. మనిషి ఎత్తుకు సుమారు 110 రెట్లు దూరం వెళ్లాలి. ఐదున్నర అడుగుల మనిషైతే దాదాపు 185 మీటర్లు. అక్కడి నుంచి జూమ్ చేయాలి. సూర్యుడు తన సైజంత జరగడానికి రెండు నిమిషాలే పడుతుంది, కాబట్టి ముందే ప్రాక్టీస్ చేసుకోండి. డీఎస్‌ఎల్‌ఆర్ వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి సూర్యుణ్ని చూడొద్దు. స్క్రీన్‌లోనే చూడండి.

యాప్ చెప్పే టైమ్ చదునైన చోటుకే. సముద్రం ఒడ్డున కరెక్టుగా సరిపోతుంది. విజయనగరం వైపు కొండలు అడ్డొస్తే కథ వేరు. కొండ మూడు డిగ్రీల ఎత్తు ఉంటే సూర్యుడు 12 నిమిషాలు లేటు. ఫోన్ దిక్సూచి కూడా బైక్ పక్కన తప్పు చూపిస్తుంది. కాస్త దూరంగా వెళ్లి, ఫోన్‌ని ఎనిమిది అంకెలా తిప్పి చూసుకోండి.

విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికైతే ఏటా కొత్తగా చూసుకోవాల్సిందే. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం కాబట్టి తేదీ మారిపోతుంటుంది. 2023లో అక్టోబరు 31న, 2025లో అక్టోబరు 7న జరిగింది. ఈ రెండు తేదీల మధ్య సూర్యాస్తమయంలో పావుగంట తేడా. అస్తమించే చోటు కూడా తొమ్మిది డిగ్రీలు పక్కకు, అంటే చెయ్యి చాపితే దాదాపు పిడికిలంత వెడల్పు. కింద నుంచి సిరిమాను తీసేవాళ్లకు ఎండ ముఖం మీద పడేదీ లేనిదీ అక్కడే తేలిపోతుంది.

ఇక ఏ యాప్ లెక్కకూ అందనిది మబ్బు. అక్టోబరు మనకి తుపాన్ల నెల. 2018లో తిత్లీ తుపాను శ్రీకాకుళం తీరాన్ని తాకింది అక్టోబరు 11నే. అరసవల్లిలోనూ మబ్బు పట్టి కిరణాలు పడక భక్తులు నిరాశగా వెనుదిరిగిన ఏళ్లున్నాయి. ముందురోజు రాత్రి వాతావరణ శాఖ ఉపగ్రహ చిత్రం ఒకసారి చూసి అలారం పెట్టుకోండి. అక్టోబరు షాట్ మబ్బుల్లో పోతే, మళ్లీ మార్చి 10 ఉంది.