అమ్మకమే అమ్మకానికి కారణమైనప్పుడు

2020 మార్చి 18న, ఇద్దరు రోగుల నడుమ దొరికిన కాస్త విరామంలో, నా పదవీవిరమణ ఖాతాలోని షేర్ల ఫండ్లలో సగం అమ్మివేశాను. ఐదు రోజులకు, మార్చి 23న, ఎస్ అండ్ పీ 500 సూచీ అడుగు తాకింది. ఆగస్టు 18 నాటికి ఫిబ్రవరి నాటి శిఖరాన్ని దాటింది. కంపెనీల భవిష్యత్తును గురించి ఆ రోజు నాకు కొత్తగా తెలిసినదేమీ లేదు. ధర పడుతోంది కనుక అమ్మాను. ఆ ‘కనుక’ను గురించే ఈ వ్యాసం.

టమాటా ధర పడితే కొనేవారు పెరుగుతారు. షేర్ల విషయంలో ఒక్కొక్కప్పుడు ఇది తలకిందులవుతుంది. దీనికి భయమొక్కటే మూలమనుకోవడం పొరపాటు. భయం లేనివాడూ అమ్మవలసి వస్తుంది. అమెరికాలో ఒకరు సొంతంగా 50,000 డాలర్లు పెట్టి, బ్రోకరు వద్ద మరో 50,000 అప్పు తీసుకొని, 1,00,000 డాలర్ల షేర్లు కొన్నారనుకుందాం. ఆ పైన వారి సొంత వాటా, షేర్ల విలువలో కనీసం 25 శాతం ఉండితీరాలి. విలువ 60,000కు పడితే అప్పు పోగా మిగిలేది 10,000, ఉండవలసినది 15,000. ఆ లోటు పూడ్చకపోతే బ్రోకరే షేర్లను అమ్మేస్తాడు. ఆ అమ్మకంతో ధర ఇంకొంత పడి, మరొకరి ఖాతా హద్దు దాటుతుంది.

వైద్యులకు ఈ విషవలయం పరిచితమే. గుండె దెబ్బతిని రక్తపోటు బాగా పడిపోయినప్పుడు, ఆ గుండెకే అందే రక్తం తగ్గుతుంది. అది మరింత నీరసిస్తుంది. రక్తపోటు ఇంకా పడుతుంది. మొదటి దెబ్బ ఎంతటిదన్నది కాసేపటికి అప్రస్తుతమవుతుంది.

1987 అక్టోబరు 19న డౌ జోన్స్ సూచీ 508 పాయింట్లు, అంటే 22.6 శాతం, ఒక్కరోజులో కూలింది. అంత పతనానికి సరితూగే వార్త ఆ రోజున వెదికినా దొరకదు. అప్పట్లో పెద్ద సంస్థలు నష్టానికి హద్దు కట్టుకోవడానికి ‘పోర్ట్‌ఫోలియో ఇన్సూరెన్స్’ అనే పద్ధతిని వాడేవి. సూచీ పడేకొద్దీ ఫ్యూచర్స్ అమ్ముతూ పొమ్మంటుంది దాని లెక్క. ఒకరు పాటిస్తే అది జాగ్రత్త. అందరూ ఒకేసారి పాటిస్తే కొనేవాడెవడు? మరుసటి ఏడాది బ్రేడీ సంఘం తన నివేదికలో ఈ యాంత్రికమైన అమ్మకాలను వేలెత్తి చూపింది.

అందరూ ఒకే తీరున స్పందించరు. పతనాన్ని ఆశించి అరువు షేర్లను అమ్మిన షార్ట్ సెల్లర్, వాటిని తిరిగి ఇవ్వడానికి ఎప్పుడో ఒకప్పుడు కొనక తప్పదు. లోకం తిట్టే అతడే పడుతున్న మార్కెట్లో కొనుగోలుదారు కావచ్చు. చిన్న మదుపరులు తరచు లాభంలో ఉన్నవి అమ్మి, నష్టంలో ఉన్నవి పట్టుకు వేలాడతారు. షెఫ్రిన్, స్టాట్‌మన్ 1985లో దీనికి ‘డిస్పొజిషన్ ఎఫెక్ట్’ అని పేరుపెట్టారు. (నేను ఆపాటి వివక్ష కూడా చూపలేదు, అన్నిట్లోనూ సగం అమ్మాను.)

1987 తరువాత వచ్చిన మందు సర్క్యూట్ బ్రేకర్. ఇప్పటి నియమం ప్రకారం ఎస్ అండ్ పీ 500 సూచీ 7 శాతం పడితే 15 నిమిషాలు, 13 శాతం పడితే మరో 15 నిమిషాలు లావాదేవీలు ఆగుతాయి. 20 శాతం పడితే ఆ రోజుకు మార్కెట్ మూతపడుతుంది. 2020 మార్చిలో 9, 12, 16, 18 తేదీలలో ఇలా ఆగింది. స్థిమితపడి ఆలోచించుకొమ్మని ఇచ్చిన ఆ చివరి 15 నిమిషాలలోనే నేను అమ్మకపు ఆదేశం పెట్టాను.

ఈ మందు అన్ని చోట్లా పనిచేయలేదు. 2016 జనవరి 4న చైనా తన బ్రేకర్‌ను అమలులోకి తెచ్చింది: 5 శాతానికి 15 నిమిషాల విరామం, 7 శాతానికి ఆ రోజుకు మూత. రెండు హద్దులూ దగ్గరదగ్గరగా ఉండడంతో, తలుపు మూసుకునేలోపే బయటపడాలని జనం తోసుకున్నారు. మొదటి రోజే మార్కెట్ మూతపడింది. 7వ తేదీన అరగంటలోపే ఆ రోజు వ్యాపారం ముగిసింది. 8వ తేదీ నుంచి ఆ నియమాన్నే నిలిపివేశారు.