పరిశోధకునకు దారిబత్తెము



మన పల్లెలనుండి పోయి తిరుపతిలో పరిశోధన సలుపుచున్న పిల్లలు పెక్కురు కలరు. వారిలో నొకరికి ఎన్నడో విదేశపు విద్వత్సభనుండి పిలుపు వచ్చును. అప్పుడు ఇంటిపెద్దలు నన్నడుగు ప్రశ్నలు రెండు. “పావుగంట మాటలాడుటకు సముద్రములు దాటవలెనా? ఆ సొమ్ము ఎవరిత్తురు?” రెండును న్యాయమైనవే. నేటి ప్రసంగమున వీనికి సమాధానము విన్నవింతును.

పూర్వము పండితుడు క్రొత్త యర్థమును ఊహించినచో, దానిని నలుగురు పండితుల యెదుట నిలువబెట్టవలసి యుండెను. ఆక్షేపణలకు నిలిచినదే సిద్ధాంతము; నిలువనిది ఇంటిమాట. నేటి సభలును అట్టివే. గాదంకి గ్రామమున 1992లో నెలకొల్పిన పరిశోధనాలయమునందు 1024 ఆంటెనాలుగల రాడారు పైగాలుల పోకడను కనిపెట్టుచున్నది. గాలికి మన జిల్లా పొలిమేర తెలియదు గదా! పెరూ దేశమున హికమార్కాయందున్న రాడారు కొలతలతో పోల్చి చూచినగాని, ఏది లోకమంతటికిని చెల్లునో, ఏది మన చోటికే చెల్లునో తేలదు. వేరుసెనగ తెగుళ్లును అంతే. అవి పరదేశముల చేలయందును కలవు. అచ్చటివారి అనుభవము మన రైతునకును పనికివచ్చును. వ్యాసమును తపాలాలో పంపవచ్చును గాని, ఎదుట కూర్చుండి అడిగినవాని సందేహము తపాలాలో రాదు.

మన ప్రాంతమునుండియే ఒక నిదర్శనము చెప్పెదను. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1888లో తిరుత్తణియందు జన్మించిరి. ఆ యూరు 1960 వరకు మన చిత్తూరు జిల్లాలోనిదే. సామాన్య కుటుంబమున పుట్టి, తిరుపతి మిషను పాఠశాలలో చదివి, విద్యార్థివేతనములతో పైకి వచ్చిరి. 1926లో కలకత్తా విశ్వవిద్యాలయమువారి ప్రతినిధిగా బ్రిటిషు సామ్రాజ్య విశ్వవిద్యాలయముల మహాసభకును, అమెరికాలో హార్వర్డునందు జరిగిన అంతర్జాతీయ తత్త్వశాస్త్ర మహాసభకును వెళ్లిరి. విద్వాంసునకు వెనుక నొక సంస్థ నిలుచుటయన నిదియే.

ఇక సొమ్ము మాట. నేడు కేంద్రప్రభుత్వపు శాస్త్రసంస్థలు ప్రయాణ సాహాయ్యము చేయుచున్నవి. విజ్ఞాన, ఇంజనీరింగు పరిశోధన మండలి యీ పద్ధతిని నడపినది. ఆ మండలి 2023 నాటి చట్టముచే ఏర్పడిన అనుసంధాన్ జాతీయ పరిశోధన సంస్థలో లీనమైనది. వైద్య పరిశోధన మండలివంటి వితర సంస్థలును సాహాయ్యము చేయుచుండును. సభవారు వ్యాసమును అంగీకరించిన పత్రము ముఖ్యము. సాధారణముగా దగ్గరి మార్గమున తక్కువ తరగతి విమానపు చార్జి, వీసా రుసుము, సభా రుసుము లభించును. బస, భోజనముల వ్యయమును అన్ని సాహాయ్యములును భరింపవు. ఇది విహారయాత్రకు ఇచ్చు సొమ్ము కాదు.

ఇందొక చిక్కు కలదు. పెక్కుచోట్ల సొమ్ము ముందుగా చేతికి రాదు. తిరిగివచ్చి రసీదులు చూపిన పిమ్మటనే ముట్టును. కలిగినవారు ఓపికపట్టుదురు, లేనివారు నగలు కుదువబెట్టుదురు, లేదా పిలుపునే వదలుకొందురు. తెలివి ఉండియు దారిబత్తెము లేక ఆగిపోయిన పిల్లవాని నష్టము ఆ యింటితో పోదు; ఊరిది కూడ.

కావున పెద్దలు మూడు సంగతులు విచారింపవలెను. సభ జరుపువారెవరు? రుసుము దండుకొనుటకే సభలు కూర్చువారును కలరు. గురువు నడిగిన తెలియును. సాహాయ్యమునకు నెలల ముందే దరఖాస్తు పంపిరా? ముందుగా పెట్టవలసిన సొమ్మును విశ్వవిద్యాలయము బదులుగా ఇచ్చునా? ఈ మూడును తేలకముందు తాకట్టు మాట తలపెట్టకుడు. తేలిన పిదప, ఆడపిల్ల యని వెనుకకు లాగకుడు.

సభ మన యింటికే వచ్చుటయు కలదు. 1940లో అఖిలభారత ప్రాచ్యవిద్యా మహాసభయు, 2017లో 104వ భారత విజ్ఞాన మహాసభయు తిరుపతియందే జరిగినవి. అట్టి వేళ బస్సు చార్జియే దారిబత్తెము. మీ పిల్లలను తప్పక పంపుడు. వీలైన మీరును వెంట వచ్చి వినుడు.