ముట్టుకుంటేనే తెలిసే సైన్సు

హైదరాబాద్ నౌబత్ పహాడ్ మీది బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటాసారస్ అనే రాక్షసబల్లి అస్థిపంజరం ఉంది. పాత ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి దగ్గర, ప్రాణహిత–గోదావరి లోయలో తవ్వి తీసిన ఎముకలవి. జగిత్యాల జిల్లాకు ఉత్తరపు హద్దు గోదావరే. ధర్మపురి రేవు నుంచి నది వెంట కిందికి పోతే ఆ జంతువు తిరిగిన లోయ వస్తుంది. దాన్ని చూడాలంటే మాత్రం ధర్మపురి పిల్లలు 200 కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి రాజధానికి రావాలి. వస్తువు మనదే, చూసే చోటు పట్నంలో. పల్లె బడుల సైన్సు చదువుకు ఉన్న చిక్కు ఇదే.

మ్యూజియం అంటే అద్దాల పెట్టెలు, ‘తాకరాదు’ అనే బోర్డులు గుర్తొస్తాయి. సైన్స్ మ్యూజియం పద్ధతి దీనికి తలకిందులు. అక్కడ తాకకపోతే ఏదీ నడవదు. చాలా కేంద్రాల్లో కనిపించే ‘చేతి బ్యాటరీ’నే చూద్దాం. బల్ల మీద ఒక రాగి రేకు, ఒక అల్యూమినియం రేకు, మధ్యలో మీటరు. రెండు రేకుల మీద రెండు అరచేతులు ఆనిస్తే మీటరు ముల్లు కదులుతుంది. అరచేతి చెమటలో ఉప్పు ఉంటుంది. ఆ తడిలో అల్యూమినియం ఎలక్ట్రాన్లను వదులుకుంటుంది, అవి తీగ గుండా మీటరును దాటి రాగి వైపు పోతాయి. పాఠ్యపుస్తకంలో ఉన్న ఘటమే ఇది. తేడా ఏమిటంటే ఇక్కడ ఘటంలో ఒక భాగం విద్యార్థే.

ముల్లు కదిలాక ఏం జరుగుతుందో గమనించాలి. చెయ్యి తడిపి పెడితే ముల్లు ఇంకా ముందుకు పోతుందా? ఒక రేకు మీద నేను, ఇంకో రేకు మీద దోస్తు చెయ్యి పెట్టి, మిగిలిన చేతులు పట్టుకుంటే? రెండూ రాగి రేకులే అయితే? ఈ ప్రశ్నలు ఎవరూ ఇవ్వరు, పిల్లలే వేసుకుంటారు. జవాబు కూడా మీటరే చెబుతుంది, సారు చెప్పక్కర్లేదు. ఊహించడం, పరీక్షించడం, తప్పయితే మార్చుకోవడం – శాస్త్రవేత్త జీవితాంతం చేసే పని ఇదే. మార్కుల భయం లేకుండా ఆ పని మొదటిసారి చేసే చోటు కావడమే ఇలాంటి మ్యూజియం విలువ.

ఈ పద్ధతికి ప్రపంచంలో పేరు తెచ్చింది 1969లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో తెరిచిన ఎక్స్‌ప్లొరేటోరియం. దాన్ని స్థాపించిన ఫ్రాంక్ ఒపెన్‌హైమర్, అణుబాంబు తయారుచేసిన ప్రయోగశాలను నడిపిన రాబర్ట్‌కు తమ్ముడు. రాజకీయ వేధింపుల వల్ల విశ్వవిద్యాలయ ఉద్యోగం పోయి, కొలరాడోలో పశువులు మేపుకుని బతికాడు. తర్వాత అక్కడి చిన్న ఊరి హైస్కూల్లో సైన్సు చెప్పాడు. ఊరి చెత్తకుప్పలో పారేసిన యంత్ర భాగాలు వెతికించి పిల్లలతో ప్రయోగాలు చేయించాడు. అంత పేరున్న మ్యూజియానికి మూలం ఒక పల్లెటూరి బడి అన్న సంగతి మన టీచర్లకు తెలియాలి.

మన దేశంలోనూ సైన్సును పల్లెలకు చేర్చే ఆలోచన పాతదే. 1965లోనే కోల్‌కతా బిర్లా మ్యూజియం వాళ్లు నమూనాలను బస్సులో ఎక్కించి పల్లెలకు తీసుకెళ్లారు. 1999లో మొదలైన అగస్త్య ఫౌండేషన్ చిత్తూరు జిల్లా కుప్పం దగ్గర 172 ఎకరాల్లో కేంద్రం నడుపుతూ, సంచార ప్రయోగశాలలను ప్రభుత్వ బడులకు పంపుతోంది.

మరి ఒకసారి చూసొస్తే పిల్లలు శాస్త్రవేత్తలైపోతారా? కారు. 2006లో ‘సైన్స్’ పత్రికలో ఒక అమెరికా అధ్యయనం వచ్చింది. ఎనిమిదో తరగతిలోనే సైన్సు వృత్తిలోకి వెళ్తామనుకున్న పిల్లలకు, మిగతావాళ్లకంటే 3.4 రెట్లు ఎక్కువగా భౌతిక శాస్త్రాలు, ఇంజినీరింగ్‌లలో డిగ్రీ పొందే అవకాశం కనిపించింది. కోరికే డిగ్రీ తెచ్చిందని దీనితో రుజువు కాదు కానీ, ఆ వయసు ముఖ్యమని మాత్రం తెలుస్తుంది. ఇంగ్లండులో జరిగిన ఆస్పైర్స్ అధ్యయనం ఇంకో సంగతి బయటపెట్టింది. పిల్లల్లో చాలామందికి సైన్సు ఇష్టమే, శాస్త్రవేత్త కావాలనుకున్నది మాత్రం దాదాపు 15 శాతమే. ఇష్టం లేక కాదు, అది మనలాంటి వాళ్ల పని కాదనుకోవడం వల్ల. సాంచాల (మరమగ్గాల) మీద నాయిన, బీడీలు చుట్టే అమ్మ, దుబాయ్‌లో అన్న ఉన్న ఇంట్లో ఈ మాట ఇంకా గట్టిగా వినిపిస్తుంది.

కాబట్టి మన దగ్గర పెట్టే మ్యూజియం మనూళ్ల పనితోనే మొదలవ్వాలని నా అభిప్రాయం. సిరిసిల్లలో బతుకమ్మ చీరల అంచులకు వాడిన జకార్డ్‌నే తీసుకోండి. 1804 నాటి ఆ యంత్రంలో అట్టముక్కకు పెట్టిన రంధ్రం ఉంటే ఒక పోగు లేస్తుంది, లేకపోతే లేవదు. అలాంటి రంధ్రాల అట్టలతోనే 1890లో అమెరికా జనాభా లెక్కలు కట్టారు, తర్వాత కంప్యూటర్లకు ఆదేశాలిచ్చారు. ఈ వరుసను ఒక గదిలో పెట్టి, రంధ్రాలు పిల్లలతోనే పెట్టించి పోగు లేపిస్తే, కంప్యూటర్ ఎక్కడో పుట్టిన మాయ కాదని, నాయిన చేసే పనికి చుట్టమేనని అర్థమవుతుంది.

సినారె పుట్టిన హన్మాజిపేటలో జడ్పీ హైస్కూలు విద్యార్థి ఒకరు వడ్లు సంచుల్లో నింపే యంత్రం చేసి, ఇన్‌స్పైర్ పోటీల్లో జాతీయ స్థాయి బహుమతి తెచ్చారు. ఆలోచన పుట్టింది వడ్ల కుప్ప దగ్గర. అలాంటి కుప్పలు మన ఊళ్ల చుట్టూ ఉన్నాయి, లేనిది పనిముట్లు పెట్టుకుని ప్రయత్నించే గదే.

పిల్లలకు సైన్సు చదువుల దారులు చూపించడానికి కూడా దూరం పోనక్కర్లేదు. జగిత్యాల సన్నాల వరి వంగడం పొలాస పరిశోధన కేంద్రం నుంచి వచ్చింది. కోరుట్లలో పశువైద్య కళాశాల, కొండగట్టు దగ్గర నాచుపల్లిలో జేఎన్‌టీయూ కళాశాల ఉన్నాయి. పదో తరగతి తర్వాత బాసర ట్రిపుల్ ఐటీ ఉంది. నమూనా ముందు నిలబడ్డ అమ్మాయికి, ఆ పనే చేస్తున్న కోరుట్ల డాక్టరమ్మనో పొలాస శాస్త్రవేత్తనో అదే రోజు కలిపితే, ఇది మనకు కాదన్న అనుమానం సగం తీరుతుంది.

ఒక హెచ్చరిక. చేతితో తిప్పే నమూనాలు తొందరగా చెడిపోతాయి. ‘పనిచేయడం లేదు’ అని కాగితం అంటించిన మ్యూజియం కంటే ఖాళీ గది నయం. భవనానికి పెట్టే ఖర్చుతో పాటు మరమ్మతుకు మనిషినీ, ఏటేటా డబ్బునూ కేటాయించాలి. సాంచాలు బాగుచేసే మెకానిక్‌లున్న సిరిసిల్లలో మనుషులకు కరువు లేదు.

హెడ్మాస్టర్లకు ఒక మనవి. విహారయాత్రకు పదో తరగతిని కాదు, ఏడు, ఎనిమిది తరగతులను ముందు తీసుకెళ్లండి. మ్యూజియంలో పరుగెత్తించకుండా ఐదారు నమూనాల దగ్గరే గంటసేపు వదిలేయండి. విహారయాత్ర దాకా ఆగక్కర్లేదు కూడా. రాగి రేకు, అల్యూమినియం రేకు, ఎలక్ట్రికల్ దుకాణంలో దొరికే మల్టీమీటరు తెచ్చి, దాని స్విచ్చును మైక్రో ఆంపియర్లు కొలిచే చోటికి తిప్పి, సోమవారం మొదటి పీరియడ్‌లో బల్ల మీద ఉంచండి.