పండుగపూట ఇల్లాలికీ పంక్తిలో విస్తరి
ముందుగా దించుకోదగిన ఉగాది వంటలు - పులుపు వండే గిన్నెతో జాగ్రత్త

అమలాపురం: ఉగాది వచ్చిందంటే కోనసీమలో ఏ యింట చూసినా సందడే. హైదరాబాదు నుంచి కొడుకులూ కోడళ్లూ, విశాఖ నుంచి కూతుళ్లూ అల్లుళ్లూ దిగుతారు. పిల్లలతో కలిపి పన్నెండు విస్తళ్లకు తక్కువ పడవు. ఒక్క విస్తరి మాత్రం మధ్యాహ్నం మూడు గంటలు దాటినా పడదు. అది ఇల్లాలిది. అందరూ తిని నడుం వాల్చిన తర్వాత ఆమె అడుగున మిగిలిన గిన్నెలు ముందు పెట్టుకుని కూర్చుంటుంది.

ఈ అలవాటు మారడానికి కొత్త వంటలేమీ నేర్చుకోనక్కరలేదు. మన పెద్దలు గుండిగల్లోను, రాచిప్పల్లోను వండిన పండుగ వంటల్లో సగం ముందుగా చేసి దించుకోదగినవే. ఏది ముందు, ఏది వెనుక, ఏ గిన్నెలో అన్నది తెలిస్తే చాలు.

ముందురోజు పని

పులిహోర పులుసు ముందురోజు సాయంత్రమే ఉడికించుకోవచ్చు. కిలో బియ్యానికి సుమారు 150 గ్రాముల చింతపండు సరిపోతుంది. చిక్కగా పిసికిన గుజ్జులో ఉప్పు, పసుపు, చీల్చిన పచ్చిమిరపకాయలు, నూనె వేసి, నూనె పైకి తేలేదాకా ఉడకనివ్వాలి. పులుపు, ఉప్పు, నూనె మూడూ వుండటం వల్ల అది రాత్రికి చెడదు. తెల్లవారి అన్నం వార్చి పళ్లెంలో ఆరబోసి, పోపు పెట్టి కలుపుకోవడమే మిగులుతుంది.

బొబ్బట్ల పూర్ణమూ అంతే. అరకిలో శనగపప్పుకు అరకిలో బెల్లం. పప్పు పలుకు విడిచి మెత్తబడాలి గాని చిదికిపోకూడదు. వార్చిన కట్టు పారబొయ్యకుండా వుంచితే చారుకు పనికొస్తుంది. అయితే కట్టు తొందరగా పులుస్తుంది కనుక దానిని ఆ పూటే కాచెయ్యాలి.

మడి పట్టింపు వున్న యిళ్లలో స్నానం చేశాకే పొయ్యి ముట్టిస్తారు. అటువంటివారు కూరలు తరగడం, పోపు దినుసులు ఏరడం, బెల్లం కొట్టడం, ఏలకులు దంచడం ముందురోజు ముగించుకున్నా ఉదయం రెండు గంటలు కలిసొస్తాయి.

పొయ్యిమీద వరుస

పండుగనాడు మొదట పచ్చడి. వేపపువ్వు, మామిడికాయ, కొత్త చింతపండు, కొత్త బెల్లం, ఉప్పు, కారం. దీనికి పొయ్యితో పని లేదు.

తరువాత పొయ్యెక్కవలసింది దప్పళం. మునక్కాడ, చిలగడదుంప ముందు, గుమ్మడి, సొర, వంకాయ, బెండకాయ వెనుక వెయ్యాలి. అన్నీ ఒక్కసారే వేస్తే గుమ్మడి కరిగిపోతుంది, దుంప పచ్చిగా వుంటుంది. ముక్క ఉడికాక చింతపండు పులుసు, బెల్లం వేసి, చివర బియ్యప్పిండి గాని శనగపిండి గాని నీళ్లలో కలిపి పోస్తే చిక్కబడుతుంది. దప్పళం దించిన గంటకే తినాలని లేదు. నిలిచేకొద్దీ ముక్కకు పులుసు పడుతుంది. రాచిప్పలో వండితే పొయ్యి దించినా చాలాసేపు వేడి తగ్గదు.

తరువాత పనసపొట్టు. ఈ రోజుల్లో గోదావరి జిల్లాల బజారుల్లో పొట్టు కొట్టే అమ్ముతున్నారు. ఇంట్లో కొట్టేవారు చేతికీ కత్తికీ నూనె రాసుకుంటే జిగురు అంటదు. పసుపు, ఉప్పు వేసి ఉడికించి, నీరు పిండి, చింతపండు గుజ్జుతో మగ్గబెట్టి పోపు వెయ్యాలి. నూరిన ఆవ మాత్రం పొయ్యి దించాకే కలపాలి. పొయ్యిమీద వేస్తే ఘాటు ఎగిరిపోతుంది.

మామిడికాయ పప్పు చివర. కందిపప్పు పూర్తిగా ఉడికిన తరువాతే ముక్కలు వెయ్యాలి. ముందే వేస్తే పులుపుకు పప్పు బిగిసి ఎంతసేపటికీ మెత్తబడదు. కాయ సంగతి కూడా చూసుకోవాలి. ఉగాది 2025లో మార్చి 30న, 2026లో మార్చి 19న, 2027లో ఏప్రిల్ 7న. పండుగ ముందుగా వచ్చిన ఏడు కాయ లేతగా వుంటుంది, వెనుకగా వచ్చిన ఏడు టెంక ముదిరి పులుపెక్కుతుంది. రుచి చూసి ముక్కలు వేసుకోవడం మేలు.

అన్నం, పప్పు వేడి వేడిగా హాట్ బాక్సులో పెట్టి, మూత కింద పొడిగుడ్డ పరిస్తే చెమట నీరు అన్నంలో పడదు. పన్నెండు గంటలకల్లా గిన్నెలన్నీ పంక్తి మధ్య పెట్టుకుంటే ఎవరికి కావలసింది వారు వడ్డించుకోవచ్చు. ఇల్లాలూ కూర్చోవచ్చు.

గిన్నె సంగతి

పండుగకు అటక మీది ఇత్తడి గుండిగలు దించడం చాలా యిళ్లలో వుంది. ఇక్కడే అసలు ప్రమాదం. ఇత్తడిలో రాగి వుంటుంది. చింతపండు, మామిడి పులుపుకు ఆ రాగి కరిగి వంటలో కలుస్తుంది. దాంతో వాంతులు, కడుపునొప్పి పట్టుకుంటాయి. అందుకే పెద్దలు కళాయి లేని గిన్నెలో పులుపు వండనిచ్చేవారు కాదు.

పూర్వం కళాయి వేసేవారు తిత్తి, నవాసాగరం, తగరం పట్టుకుని వూరూరా తిరిగేవారు. గిన్నె కాల్చి, నవాసాగరం చల్లి, తగరం కరిగించి గుడ్డతో లోపలంతా పూసేవారు. స్టీలు గిన్నెలు వచ్చాక వారి రాకా తగ్గింది. గుండిగ లోపల ఎక్కడైనా పసుపు రంగు కనబడినా, పచ్చని చిలుము పట్టినా అందులో పులుసు కాచవద్దు. కళాయి వేయించేటప్పుడు సీసం కలవని తగరమే వెయ్యమని అడగాలి. సీసం పిల్లలకు మరీ చేటు. కళాయి కుదరకపోతే స్టీలు, రాచిప్ప, మట్టి దాక వున్నాయి. పులుపు వంటలను అల్యూమినియం గిన్నెల్లో నిలవ వుంచడమూ మంచిది కాదు.

మిగిలితే

ఉగాదినాటికి ఎండ ముదురుతుంది. పులిహోర పులుపు వల్ల రాత్రిదాకా ఆగుతుంది. పప్పు, కొబ్బరి పచ్చడి, తెల్లన్నం ఆగవు. అన్నం ఉడికినా చావని క్రిములు కొన్ని వుంటాయి. గోరువెచ్చగా నిలవ వున్న అన్నంలో అవి పెరుగుతాయి. అవి విడిచిన విషం మళ్లీ వేడి చేసినా పోదు. హాట్ బాక్సు కూడా వేడి తగ్గిన తరువాత యీ క్రిములకు అనువైన చోటే అవుతుంది. కాబట్టి భోజనాలు కాగానే మిగిలినది ఫ్రిజ్‌లో పెట్టాలి, లేదా ఇరుగుపొరుగుకు వెంటనే పంచిపెట్టాలి.

సాయంత్రం గుడి దగ్గర పంచాంగ శ్రవణం. ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు వినడానికి యింటిల్లిపాదీ వెళతారు. గిన్నెలు తోమడం కూడా నలుగురూ పంచుకుంటే ఆ వెళ్లేవారిలో ఇల్లాలూ వుంటుంది.