అరచేతి కంప్యూటరు

పులివెందుల దగ్గర ఒక రైతు తన చీనీతోటకు మోటారు కొనబోయాడనుకోండి. అంగట్లో రెండు మోటార్లు వున్నాయి. ఒకటి చవక, పైగా నీళ్లు ఎక్కువ తోడుతుందట. రెండవదాని ధర కాస్త ఎక్కువ. కాని అనుభవం గల రైతు ముందు ధర అడగడు. "ఇది కాలిపోతే తిరిగి వైండింగు చేసేవాడు మా వూళ్లో వున్నాడా? దీని సామాను దొరుకుతుందా?" అని అడుగుతాడు. ఎందుకంటే, నడి వేసవిలో మోటారు ఆగిపోతే ఎండేది తోట!

మీరు కూడా ఇటువంటి ప్రశ్నే అడిగి కొనవలసిన వస్తువు ఒకటి వున్నది. దాన్ని సింగిల్ బోర్డు కంప్యూటరు అంటారు. మనం ఒంటిపలక కంప్యూటరు అందాం. మామూలు కంప్యూటరులో పెట్టెనిండా భాగాలుంటాయి. ఇందులో లెక్కలు చేసే చిప్పూ, జ్ఞాపకం వుంచుకునే చిప్పూ, తీగలు తగిలించే రంధ్రాలూ అన్నీ ఒకే చిన్న పలక మీద అమర్చి వుంటాయి. తెరా, కీబోర్డూ, కరెంటూ తగిలిస్తే చాలు.

వీటిలో పేరుపొందినది రాస్ప్‌బెర్రీ పై. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో కంప్యూటరు శాస్త్రం చదవటానికి వచ్చే విద్యార్థులు ఏటేటా తగ్గిపోవటం ఇబెన్ అప్టన్ అనే ఆయనా, ఆయన మిత్రులూ గమనించారు. పిల్లలు భయం లేకుండా విప్పి, కలిపి, నేర్చుకోగల చవక కంప్యూటరు వుంటే బాగుండునని వారికి తోచింది. 2012 ఫిబ్రవరి 29న వారి పలక అమ్మకానికి వచ్చింది. వెల 35 డాలర్లు. పొడవు సుమారు 8.5 సెంటీమీటర్లు.

అయితే ఉత్త పలక ఏ పనీ చెయ్యదు. దాన్ని నడిపించేది ఆపరేటింగ్ సిస్టం. 1991లో ఫిన్లండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ అనే దాన్ని రాయటం మొదలుపెట్టాడు. అప్పుడతని వయస్సు 21 ఏళ్లు. దాన్ని ఎవరైనా చదవవచ్చు, దిద్దవచ్చు, ఇతరులకు పంచవచ్చు. దాని ఆధారంతోనే మన దేశంలో సి-డాక్ సంస్థ 2007లో "బాస్" అనే ఆపరేటింగ్ సిస్టం విడుదల చేసింది. అందులో తెలుగు కూడా వున్నది.

"లినక్స్ అందరిదీ కదా, ఏ పలక కొన్నా నడుస్తుంది!" అని మీరు అనవచ్చు. చిక్కంతా అక్కడే వున్నది. పలక మీది ప్రతి భాగాన్నీ పలికించటానికి డ్రైవరు అనే ప్రోగ్రాము కావాలి. అంతేకాదు, మామూలు కంప్యూటరులో చాలా భాగాలు "నేను ఫలానా" అని తమంతట తామే చెప్పుకుంటాయి. ఈ పలకలలో చాలా భాగాలు అలా చెప్పుకోలేవు. కొత్త వూరికి వచ్చిన పోస్టుమానుకు వీధుల పటం ఇచ్చినట్టు, ఏ భాగం ఎక్కడ వున్నదో లినక్స్‌కు ఒక పట్టిక రాసి ఇవ్వాలి. దానికి డివైస్ ట్రీ అని పేరు.

డ్రైవర్లూ, ఈ పట్టికా లినక్స్ అసలు ప్రతిలోనే చేరివుంటే మంచిది. ఆ అసలు ప్రతికి సుమారు 9, 10 వారాలకొకసారి కొత్త రూపు వస్తుంది. అప్పుడు మీ పలక కూడా దానితోపాటు ముందుకు నడుస్తుంది. కాని కొందరు పలకలు చేసేవారు పాత లినక్స్ ప్రతి ఒకటి తీసుకుని, దానికి తమ అతుకులు వేసి, పలకతోపాటు అమ్మి వూరుకుంటారు. తరువాత పట్టించుకోరు.

జమ్మలమడుగులో ఒక బడివారు చందాలు పోగుచేసి పది పలకలు కొన్నారనుకోండి. వేగం చూసి, వెల చూసి కొన్నారు. మొదటి ఏడు అంతా బాగానే వున్నది. రెండవ ఏడు లినక్స్‌లో దొంగలు దూరగల కన్నం ఒకటి బయటపడింది. ప్రపంచంలో అందరూ దాన్ని పూడ్చుకున్నారు. ఈ పది పలకలకు మాత్రం ఆ మరమ్మతు రాలేదు! పలకలు చెడిపోలేదు, కాని వాటిని ఇంటర్నెట్టుకు తగిలించాలంటే భయం. చందాలిచ్చిన తల్లిదండ్రులకు పంతులుగారు ఏమని చెప్పుకుంటారు?

మరి మంచి పలకను పోల్చుకోవటం ఎలా? ప్రొద్దుటూరు బంగారం అంగళ్లకు పేరుపొందిన వూరు. అక్కడ తళతళ చూసి మోసపోకుండా గీటురాయి మీద గీసి చూస్తారు. మనమూ నాలుగు గీట్లు గీద్దాం.

ఒకటి: మీరు వాడదలచిన ఆపరేటింగ్ సిస్టంవారి పట్టికలో ఈ పలక పేరు వున్నదా? అమ్మేవాడి మాట చాలదు.

రెండు: డ్రైవర్లు లినక్స్ అసలు ప్రతిలో వున్నాయా, లేక అమ్మినవారి ప్రతిలో మాత్రమేనా?

మూడు: ఆ కంపెనీవారి పాత పలకల గతి ఏమైంది? 2012 నాటి రాస్ప్‌బెర్రీ పై మీద 2023లో వచ్చిన దాని ఆపరేటింగ్ సిస్టం కూడా నడుస్తుంది. మెల్లగా నడుస్తుంది, కాని నడుస్తుంది!

నాలుగు: చిప్పు రహస్యాలు బయటపెట్టారా? రాస్ప్‌బెర్రీ పైలో బొమ్మలు గీసే భాగం వివరాలను బ్రాడ్‌కామ్ కంపెనీ 2014 ఫిబ్రవరిలో ప్రకటించింది. ఆ తరువాత దానికి అందరూ చదవగల డ్రైవరు వచ్చింది. 2013లో వచ్చిన బీగిల్‌బోన్ బ్లాక్ పలకకైతే, పలక నమూనా చిత్రాలను కూడా అందరికీ ఇచ్చారు.

అయితే ఏ నగా నూటికి నూరుపాళ్లు మేలిమి కాదు. రాస్ప్‌బెర్రీ పైలో కూడా ఆరంభంలో దాన్ని లేపే ప్రోగ్రాము అందరూ చదవటానికి వీలైనది కాదు. లోపం ఎంతో తెలిసి కొనటం వేరు, తెలియక కొనటం వేరు.

పలక కొన్నాక ఒక జాగ్రత్త: దానికి చెప్పిన చార్జరే వాడండి. 2023లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై 5కు 5 వోల్టుల, 5 ఆంపియర్ల చార్జరు వాడమన్నారు. పాత ఫోను చార్జరు దానికి చాలదు. పని అయ్యాక, తీగ లాగెయ్యకుండా, పద్ధతిగా ఆపండి. లేకపోతే మెమరీ కార్డులో రాసినది పాడుకావచ్చు.

ఇక మన రైతు అడిగిన ప్రశ్న మిగిలింది: మెకానిక్కు ఎవరు? లినక్స్‌కు ప్రపంచమంతటా వేలమంది మెకానిక్కులున్నారు. మన జిల్లాలోనే పులివెందులలో 2006 నుంచీ, ఇడుపులపాయలో 2008 నుంచీ ఇంజనీరింగు చదువులు సాగుతున్నాయి. అక్కడ చదివే మీ వూరి అన్నలనూ, అక్కలనూ అడిగి చూడండి. వారికీ తెలియకపోతే ఆ డ్రైవరు తెరిచి మీరే చదవండి. తాళం వెయ్యని యంత్రానికి మెకానిక్కు కావటానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.