ఆయాసమున్నవారికి నడక

ఆయాసపడే రోగిని కదలనీయకపోవడమే సేవ అని అనేక కుటుంబాలలో భావిస్తారు. సి.ఓ.పి.డి. అనే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల వ్యాధిలో ఇది మేలు చేయదని నా దృఢాభిప్రాయం. కదలిక లేని కాళ్ళ కండరాలు క్షీణిస్తాయి. క్షీణించినవి కొద్ది శ్రమకే అలసి ఆయాసాన్ని మరింత పెంచుతాయి. నిన్న వీధి చివరివరకు నడిచిన మనిషి నేడు స్నానాలగదికి వెళ్ళడానికే జంకుతాడు.

దీనికి విరుగుడు శ్వాసకోశ పునరావాస చికిత్స. ముందు 6 నిమిషాలలో రోగి నడవగల దూరాన్ని కొలుస్తారు. తరువాత వారానికి 2, 3 సార్లు, కనీసం 6 నుండి 8 వారాలు, నిపుణుల పర్యవేక్షణలో నడక, కాళ్ళు చేతుల వ్యాయామాలు చేయిస్తారు. దెబ్బతిన్న ఊపిరితిత్తులు పూర్వస్థితికి రావు. కాని నడవగల దూరం పెరుగుతుంది, ఆయాసం తగ్గుతుంది, తన పని తాను చేసుకోగలననే ధైర్యం వస్తుంది.

ఏనాడూ పొగ త్రాగకున్నా, ఏళ్ళ తరబడి కట్టెల పొయ్యి పొగ పీల్చిన స్త్రీలకు కూడ ఈ వ్యాధి వస్తుంది. వారికి నేను చెప్పే పద్ధతి ఇది: ముక్కుతో గాలి పీల్చి, వేడి పాలు చల్లార్చునట్లు పెదవులు గుండ్రంగా చుట్టి, పీల్చిన దానికి రెట్టింపు సేపు మెల్లగా వదలండి. పొయ్యి రాజేసేటంత బలంగా కాదు సుమా!

తమక శ్వాసలో కూర్చుంటే ఉపశమనమని చరక సంహిత గుర్తించింది. ఆయాసం వచ్చినప్పుడు ముందుకు వంగి, మోచేతులు తొడలపై ఆనించి కూర్చోండి.

అల్లం కషాయం గొంతుకు హాయినిస్తుంది, త్రాగండి. అయితే దానిని నమ్మి ఇన్‌హేలరు మానివేయడానికి నేను అంగీకరించను. కూర్చున్నా తగ్గని ఆయాసం, పెదవులలో నీలిమ, మగత కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి.